ఒడ్డు వైపు నుంచి

ముప్పై ఒక్క సీజన్లు
నాన్న ఈ దీపాన్ని నీళ్ల మీంచే చూశాడు.
ఇనుప ఖనిజం మోసే ఓడలో వంటవాడు.
బంగాళాదుంప తొక్కుల బకెట్‌తో డెక్ మీదికొస్తే
"ఎవరో అగ్గిపుల్ల గీసి, అది ఆరిపోతే
మళ్లీ గీస్తున్నట్టుంటుందే" అనేవాడు.
ఒడ్డు వైపు నుంచి ఎలా ఉంటుందో
ఆయనకి తెలీదు.
మాకూ తెలీదు. అందుకే వచ్చాం, నేనూ తమ్ముడు ఆర్వో,
సుపీరియర్ సరస్సు ఒడ్డుకి,
దోమలు పోయి, చలి ఇంకా దిగని
సెప్టెంబరు నాలుగు రోజుల సందులో.

పంతొమ్మిదో నంబరు స్థలం.
కట్టెల మోపు ఆరు డాలర్లు. అడిగేవాళ్లెవరూ లేరు,
గుంజకి కొట్టిన ఇనప్పెట్టెలో వేసి పోవడమే.
ఆర్వో దగ్గర పది కాగితమే ఉంది. వేసి, చిల్లర కోసం
పెట్టె సందులోకి కాసేపు చూశాడు.
గుడారం నాన్నదే. మేకులు పన్నెండుండాలి, తొమ్మిదున్నాయి.
మిగతా మూడు చోట్లా రాళ్లు పెట్టాం.
ఇక్కడ రాళ్లకేం కొదవ,
సరస్సు రోజూ తోమి బోర్లించిన గిన్నెల్లా
ఒడ్డంతా అవే.

మధ్యాహ్నం మమ్మల్ని పైకెక్కించింది వెర్నీస్.
డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు బడి బస్సు తోలిన మనిషి.
ఇత్తడి గుండీల కోటు తొడుక్కుని మెట్ల మొదట్లో నిలబడి
బస్సులో అరిచినట్టే అరుస్తుంది: "తోసుకోవద్దు!"
ఎన్ని మెట్లని అడిగితే,
"ఎనభై మూడు. గడపని కలుపుకుంటే ఎనభై నాలుగు.
ఈ లెక్క మీద ఇక్కడ పెళ్లిళ్లు తప్పిపోయాయి" అంది.

పాత దీపపు గాజు కింద గదిలో ఉంది,
పొరలు పొరలుగా తేనెపట్టులా, నా ఎత్తున.
తుడిచేవాళ్లు ముందు నారగుడ్డ కట్టుకోవాలట,
బెల్టు బిళ్ల రాసుకుంటే ఆ గీత ఇక పోదట.
ఒక గీత చూపించింది. ఎవరిదో.
పైన ఇప్పుడున్నది పిడికెడంత బల్బు,
దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరుతుంది.

కాపలాదారు దినచర్య పుస్తకం అద్దాల పెట్టెలో తెరిచుంది.
"పొగమంచు." దాని కింద "పొగమంచు." దాని కింద
"పొగమంచు. బూర మోతకి ఆవు బెదిరింది. పాలు లేవు."
నేను నవ్వాను. ఆర్వో నవ్వలేదు.
నాన్న ఉత్తరాలూ ఇంతేగా, అన్నాడు.
నిజమే.
"గాలి. ఉల్లిపాయలు అయిపోయాయి. అమ్మని అడిగానని చెప్పండి."

రాత్రి చేప కాల్చుకున్నాం, సగం మాడింది.
పది సెకన్లకోసారి వెలుగు
పైన్ చెట్ల తలల మీద పడి పోతోంది.
ఆర్వో మొహం కనపడుతుంది, పోతుంది, కనపడుతుంది.
నాన్న చిన్న పడవని వాడు అమ్మేసిన సంగతి
మేమింతవరకూ మాట్లాడుకోలేదు.
ఒక చీకట్లో నోరు తెరిచాను.
వెలుగొచ్చేసరికి మూసుకున్నాను.

ఒంటిగంటకి తట్టి లేపాడు. "ఓడ."
దూరంగా, నీళ్లకీ ఆకాశానికీ మధ్య
ఒక వీధికి వీధే ఇల్లు మారుతున్నట్టు
దీపాల వరస.
ఇంజను చప్పుడు చెవికి కాదు,
రాళ్లలోంచి అరికాళ్లకి తెలిసింది.
ఆర్వో టార్చి తీసి
మూడుసార్లు వెలిగించాడు. ఆగాడు. మళ్లీ మూడుసార్లు.
జవాబు లేదు. ఓడలు ఇవ్వవు.

"ఆ డెక్ మీద ఏ వంటవాడో
బకెట్ పట్టుకుని మనల్ని చూసుంటాడు" అన్నాను.
"చూసి?"
"ఎవడో చెప్పులు వెతుక్కుంటున్నాడు, అనుకునుంటాడు."
అప్పుడు నవ్వాడు వాడు,
పక్క గుడారంలో కుక్క లేచేంత.

పొద్దున్నే తడి గుడారాన్ని తడిగానే చుట్టాం.
మేకులు లెక్కపెడితే పది.
ఒకటి తుప్పు పట్టింది, మాది కాదు,
ఎవరో ఎప్పుడో ఇసకలో వదిలేసి పోయింది.
ఆర్వో ఏమీ అనకుండా సంచిలో వేశాడు.