తొంభై ఆరు దాటాక ఒక గీత

హాల్డెన్‌లో రైలు దిగేసరికి
నవంబరు మధ్యాహ్నం, మూడింటికే వీధి దీపాలు.
ప్రకటనలో ఒకటే ఫోటో, అదీ మసక.
చెక్క పెట్టె, వెండిరంగు ముఖం,
కింద "పనిచేస్తుందేమో" అని ఒక్క మాట.
ఆ "ఏమో" కోసం రెండు గంటలు కూర్చుని వచ్చాను.

తలుపు తీసింది గున్‌వోర్.
చేతులకి పిండి, రెండు జతల కళ్ళద్దాలు,
ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తిన.
"బూట్లు విప్పక్కర్లేదు" అంటూనే
నా బూట్ల వంక చూసింది.
విప్పాను.

అడగాల్సినవన్నీ దారంతా వల్లెవేసుకున్నాను.
సూది కదులుతుందా, డయల్ తాడు జారుతుందా,
లోపల ఎవరైనా వేలు పెట్టారా.
ఒక్కటీ అడగలేదు.
నాబ్‌ని కాస్త తోసి వదిలానంతే,
వెనకున్న బరువు చక్రం
ముల్లుని ఈ కొస నుంచి ఆ కొసకి
నూనె మీద నడిపినట్టు తీసుకుపోయింది.
కొనేశాను అప్పుడే, మనసులో.

"తెలుసుగా నీకు," అంది,
"పెద్ద స్టేషన్లన్నీ ఎఫ్ఎం మానేసి ఏళ్ళయింది.
దీన్ని పట్టుకెళ్ళి ఏం వింటావు?"
తెలుసు.
పడవలు రాని రేవుకి లంగరు కొంటున్నానని తెలుసు.
నేను బదులు వెతుక్కునేలోపే ప్లగ్గు పెట్టింది.
"చూపించకుండా డబ్బు తీసుకుంటే
అస్లాక్ ఊరుకునేవాడు కాదు."

డయల్ వెనక ఆకుపచ్చ వెలుగు.
ఎడమ బల్బు మాడిపోయి
ఎనభై ఎనిమిది చీకట్లో ఉంది.
చప్పుడు లేదు.
ఎంత తిప్పినా లేదు.
ఆమె ముఖం చిన్నబోయింది.
"మొన్నటిదాకా..." అని ఆగింది.
మ్యూట్ మీట పైకుంది. కిందికి నొక్కాను.

హోరు.
సన్నసెగ మీద ఏదో వేగుతున్నట్టు
గదంతా నిండిపోయింది. పిల్లి లేచి వెళ్ళిపోయింది.
గున్‌వోర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

గాజు మీద, తొంభై ఆరు దాటాక కాస్త,
మైనపు పెన్సిల్ గీత, వెంట్రుకంత.
ముల్లుని దాని మీదికి తెచ్చాను.
సూది బద్ధకంగా లేచింది.
స్టీరియో ఎర్రదీపం వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది.
సరిహద్దు అవతల నుంచి స్వీడన్ మనిషెవరో
సముద్రం మీది గాలుల లెక్క చదువుతున్నాడు.
నైరుతి, సెకనుకి పదకొండు మీటర్లు,
రాత్రికి తగ్గుముఖం.

"పడవ అమ్మేసిన ఇరవై ఏళ్ళూ
రోజూ ఇదే వినేవాడు" అంది.
"ఎందుకని నేనూ అడగలేదు."

మూడు రెండొందల నోట్లు ఇచ్చాను.
మాడిన బల్బుకని ఒకటి వెనక్కిచ్చింది.
గీతకని నేను తిరిగిచ్చాను, పైకి చెప్పలేదు.
కాసేపు ఇలా తలకిందుల బేరం.
చివరికి ఆ నోటు పిండి పూసుకుని
బల్ల మీదే ఉండిపోయింది.

పాత తువ్వాలులో చుట్టిచ్చింది.
గోడకి కొట్టిన యాంటెన్నా తీగ మాత్రం ఇవ్వలేదు.
"లాగితే వాల్‌పేపర్ చిరుగుతుంది."
దేనికీ తగిలించని ఆ రెండు రాగి కొసల్ని
మెలిపెట్టి, లోపలికి మడిచింది,
జడ కొస ముడిచినట్టు.

రైల్లో ఒళ్ళో పెట్టుకున్నాను, ఎనిమిది కిలోలు.
టిక్కెట్లు చూసే అమ్మాయి తువ్వాలు వైపు వంగి
కుక్కపిల్లా అని అడిగింది.

ఓస్లోలో మా ఇల్లు కొండకి ఇవతల.
ఇక్కడ ఆ గీత మీద ఎవరూ లేరు.
ఎడమ స్పీకర్లో సన్నటి గుర్రు,
కెపాసిటర్ మార్చాలి, బల్బు వెతకాలి.
ఈలోగా స్పిరిట్టూ దూదీ తెచ్చుకుని
చీకటి మూల నుంచి గాజు తుడవడం మొదలుపెట్టాను.
నలభై ఏళ్ళ పొగ పసుపుగా దిగింది.
తొంభై ఆరు దాటాక
చెయ్యి కొంచెం పైకెత్తి
అవతలి పక్కన దించాను.