గోడ అవతలి దగ్గు

లీడ్స్‌లో మా మొదటి వీధికి
చెట్టు లేదు, పెరడు లేదు.
ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ.
అవతల డోరీన్ దగ్గితే
ఇవతల నా టీ కప్పు ఉలిక్కిపడేది.

సోమవారం వీధికి అడ్డంగా తాళ్లు కట్టేవాళ్లం.
తఫజ్జుల్ గారి లుంగీలు, పోలండ్ పిల్లల మేజోళ్లు,
నా ఒక్కగానొక్క వెంకటగిరి చీర,
ఆ రెండు గంటల ఎండకి
ఒకే వరసలో వేలాడేవి.
చెత్త బండి హారన్ కొట్టగానే
గడపల్లోంచి ఉరికి
కర్రలతో తాళ్లు పైకెత్తేవాళ్లం.
నెత్తిన తడి చుక్కలు పడుతుంటే బండి
పన్నీరు చల్లించుకున్న పెళ్లికొడుకులా కదిలేది.

ఇప్పుడు ఊరి అంచున
ముందుకు దారి లేని వీధి.
నాలుగు వైపులా గాలి తిరిగే ఇల్లు.
ఎదురింటాయన పేరు తెలియడానికి
పదకొండు నెలలు పట్టింది,
అదీ మా ఇంటికి తప్పొచ్చిన పార్శిల్ మీద.
మంచివాడే, చెయ్యి ఊపుతాడు,
కారు అద్దం మాత్రం దించడు.
ఇక్కడ బట్టలు డ్రయ్యర్‌లో
ఎవరి కంటా పడకుండా ఆరతాయి.

నీకేం లోటంటాడు మా ఆయన.
నిజమే. అక్కడ ఎలుకలుండేవి.
శనివారం రాత్రి సీసాలు పగిలేవి,
ఓసారి మా కిటికీ కూడా.
ఇల్లు ఊరికే ఇస్తామన్నా తిరిగి వెళ్లను.

మొన్న డిసెంబర్ రాత్రి మూడింటికి
నాకే దగ్గు తెర వచ్చింది.
ఆగాక, చీకట్లో చెయ్యి చాచి
గోడ మీద రెండుసార్లు తట్టాను,
"బతికే ఉన్నాలే" అని
డోరీన్‌కి తట్టినట్టు.

గోడ అవతల
మా గ్యారేజీ.