మిగిలిన సున్నం

జ్ఞానాపురంలో మధ్యాహ్నం రెండు గంటలకి
ఇళ్ళ కప్పుల మీద వేడి కొలవడం నా పని.
కాలేజీ వాళ్ళిచ్చిన పరికరం అచ్చం తుపాకీలా ఉంటుంది,
మీట నొక్కితే గుండు పోదు, అంకె వస్తుంది.

డాబా: యాభై మూడు.
సిమెంటు రేకు: యాభై ఎనిమిది.
పోర్టు బొగ్గు పొడి పేరుకున్న రేకు: అరవై రెండు.
మళ్ళీ నొక్కాను. అరవై రెండే.

సముద్రం ఇక్కణ్ణించి ఎంతో దూరం కాదు.
రాత్రి ఓడ కూత మా మంచాల దాకా వస్తుంది,
గాలే రాదు.
బీచ్ రోడ్డు మీద పద్నాలుగు అంతస్తుల వాళ్ళు
ముందుగా తమ వాటా తీసేసుకుంటారు,
మిగిలింది డాబాగార్డెన్స్ అద్దాల షాపులకి తగిలి
చెమట పట్టి ఎటో తప్పిపోతుంది.
మాకు చేరేది ఉప్పొక్కటే.

సందు మొదట్లో నిద్రగన్నేరు ఉండేది.
హుద్‌హుద్ రాత్రి అది పడ్డ చప్పుడు నాకు గుర్తే,
అప్పుడు నేను మూడో తరగతి.
ఆ నీడ పడిన చోటికి ఇప్పుడు
అపార్ట్‌మెంటు వీపు తిరిగి ఉంది,
ఇరవై మూడు ఏసీ డబ్బాలు
లోపలి వేడంతా తెచ్చి
ఎంగిలి నీళ్ళలా మా సందులో పారబోస్తాయి.

"ఏటే గుంటా, మా రేకుల్ని కాల్చేస్తావేటి?"
అంది నూకరత్నం మొదటిరోజు.
ఎంత కాలుతున్నాయో చూస్తున్నానన్నాను.
"దానికి తుపాకీ ఎందుకే? సెయ్యెట్టి సూడు."
పెట్టి చూపించింది కూడా.
సున్నం తినేసిన అరచెయ్యి,
గీతలు ఎప్పుడో పోయాయి.

ఏటా ఆత్మల పండక్కి ముందు
సమాధులకి సున్నం కొట్టే మనిషి ఆవిడ.
ఎండాకాలం పని దొరకని మధ్యాహ్నాలు
అక్కడే ఓ సమాధి మీద నడుం వాలుస్తుందట.
"సల్లగుంతాది. నమ్మకపోతే రా."

వెళ్ళాను. నొక్కాను.
నలభై నాలుగు.
గోడకి ఇవతల అరవై రెండు, అవతల నలభై నాలుగు.
నా ఫారంలో సమాధులకి గడి లేదు,
అంకెని అంచున రాసుకున్నాను.

"అయితే ఈ పేటలో
సచ్చినోళ్ళే సుకంగా పడుకున్నారన్నమాట"
అని నవ్వింది. నవ్వి, ఆగిపోయింది.

కుండలో నీళ్ళకింద దాచిన సున్నం
పోయిన పండక్కి మిగిలింది.
గంజి, గుప్పెడు ఉప్పు, ఫొటోల షాపులో అడిగిన కాస్త ఫెవికాల్.
పొద్దు పొడవకముందే నిచ్చెన వేసింది,
రేకు విరక్కుండా పలక పరిచి, దాని మీద మోకాళ్ళేసి.
మొదట కొట్టింది తనింటికి కాదు.
హమాలీ ముసలినాయుడి కోడలు బాలింత,
ఇరవై రోజుల పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు.

ఆ మధ్యాహ్నం రేకు నలభై ఆరు.
కింద పిల్ల ఏడుపు వినబడలేదు.
భయమేసి దిగి చూశాను.
నిద్రపోతోంది, అంతే.

పదోరోజుకి తెలుపు బూడిదైంది.
బొగ్గు పొడికి ఇల్లని, సమాధని తేడా లేదు.
యాభై ఒకటి, అన్నాను మెల్లగా,
తప్పు నాదన్నట్టు.
"మళ్ళీ కొడితే పోలేదా" అంది.
కుండ ఖాళీ అని ఇద్దరికీ తెలుసు.

ఏం చేసిందంటే,
నవంబరుకి రావలసిన సున్నం బస్తాలు
శ్మశానం మేస్త్రీ దగ్గర మే నెలలోనే అడిగి తెచ్చేసింది.
పండగ సంగతేంటని అతను గొణిగాడు.
"సచ్చినోళ్ళు ఆగుతారు బాబూ,
బతికున్నోళ్ళు ఆగలేరు."

నా ఫారం చివర సిఫారసులని ఓ గడి ఉంటే
ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను:
*తుపాకీలు సాలు, సున్నం పంపండి.*
సారు ఎర్రసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టారు.
సున్నంలో ఆయనకి దొరికింది అదే.

సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ బ్రిడ్జి ఎక్కి చూస్తే
నల్లటి రేకుల మధ్య పదకొండు తెల్ల చదరాలు,
గోడకి అవతల తెల్లగా సమాధులు.
ఇంత ఎత్తునుంచి ఏవి ఎవరివో తెలియదు,
బట్టలారేసిన తీగలు చూసి
బతికున్న వాళ్ళని పోల్చుకోవాలి.