రిమార్కుల కాలమ్

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం
అట్ట ఊడిన గ్రీకు కావ్యం, అరవై రూపాయలు.
ఓడల పట్టిక దగ్గరే విసిగి
పారేద్దామనుకున్నాను.

ఉస్మానియా మార్చురీలో నైట్ డ్యూటీ నాది.
రిజిస్టర్ పక్కన పెట్టుకుని చదివాను.

అందులో ఎవడూ ఊరికే చావడు.
ఈటె దిగేముందు కవి ఒక్క క్షణం ఆగి
వాడి తండ్రి పేరు చెబుతాడు,
ఏ ఏటి ఒడ్డున పుట్టాడో,
దొడ్లో గుర్రాలెన్నో.
రెండే పంక్తులు. తర్వాత మట్టి.

నా రిజిస్టర్‌లో:
గుర్తు తెలియని మగ మనిషి, సుమారు నలభై,
నీలం గీతల చొక్కా, నాంపల్లి స్టేషన్.
తండ్రి పేరు దగ్గర అడ్డగీత.

వీరుల కోపాలు నాకు పట్టలేదు.
దేవుళ్లు మా సూపరింటెండెంట్ల లాంటివాళ్లే,
ఏ పూట ఎవరి పక్షమో.
కొడుకు శవం ఇమ్మని
శత్రువు గుడారంలో మోకరిల్లిన ముసలిరాజు దగ్గర మాత్రం
పుస్తకం మూసి బయటికొచ్చాను.
మెట్ల మీద యాకూబ్ బీ,
కాగితం కోసం మూడో రాత్రి.
టిఫిన్ డబ్బా మూత తీయనేలేదు.

తెల్లారుజామున ఆ నీలం చొక్కా ట్రే
మళ్లీ బయటికి లాగాను.
అరచేతుల్లో సున్నం పగుళ్లు.
జేబులో రెండు గులాబీ రిబ్బన్లు, కొత్తవి.

రిమార్కుల్లో రాశాను:
గోడలకు సున్నం వేసేవాడు.
ఇంట్లో రెండు జడల పిల్ల.

పొద్దున సారు ఎర్రపెన్నుతో కొట్టేశారు.
కొట్టేసినా చదవొచ్చు.