అరువు ముఖం

ఆ మధ్యాహ్నం నాకు జ్వరం.
మేకతోలు కప్పుకుని, తెడ్లు చెక్కిన పొట్టు మధ్య
పళ్ళు టకటకలాడుతూ పడి ఉన్నాను.
సరిగ్గా అదే వేళకి
రేవులో నిలబడి నేను మాట్లాడానట.

నత్తి లేకుండా.
బోర్లించిన పడవ ఎక్కి, చెయ్యెత్తి,
"గాలి మనదే, ఎదుటి గట్టూ మనదే,
ఓడెక్కండి" అన్నానట.
పన్నెండుమంది కుర్రాళ్ళు
ఈటెలు పట్టుకుని ఎక్కేశారు.

పుల్లద్రాక్షరసం కోసం వెళ్ళిన మిర్టలే
అదంతా విన్నది.
ఇంటికొచ్చి, మంచం మీద నన్ను చూసి
కూజా జారవిడిచింది.
"నాకంటే ముందు ఎలా వచ్చావు?"
నే... నేను క... కదల్లేదు, అన్నాను.
ఆ నత్తి విని ఊపిరి పీల్చుకుంది.
తర్వాత కొంచెం, చాలా కొంచెం,
దిగులుపడింది. అది నేను చూశాను.

దేవతలకిది మామూలే అంటారు ముసలివాళ్ళు.
పనిబడితే దారినపోయేవాడి ఒళ్ళు తొడుక్కుంటారు,
పనవగానే పిట్టై ఎగిరిపోతారు.
వచ్చిందెవరో గానీ
నా చెవి కింది పులిపిరినీ వదల్లేదట,
భుజం మీది చెక్కపొట్టునీ.
నాలుకొక్కటే బాగుచేసుకున్నారు.

మా దీవిలో గిన్నె అరువు తీసుకుంటే
ఖాళీగా తిరిగివ్వరు.
నాలుగు ఆలివ్ కాయలైనా వేసిస్తారు.

నా ముఖమూ ఖాళీగా రాలేదు.

ద్రాక్షకోతలప్పుడు ఓడ తిరిగొచ్చింది.
తొమ్మిదిమంది దిగారు.
దిగనివాళ్ళ తల్లులు
బావి దగ్గర నన్ను చూసి తోడటం ఆపేశారు.
ఫనోస్త్రతే మాత్రం దగ్గరకొచ్చి
నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి
"ఈ నోరే" అంది.
అది నే... అది నేను...
"అప్పుడు తడబడలేదేం?"

గుడికెళ్ళి అడుగుదామనుకున్నాను.
మెట్టు మీద మేక పడుకునుంది.
లేపబుద్ధి కాలేదు. తిరిగొచ్చేశాను.
పైగా, దేవతలతో వాదానికి
ఈ నాలుక ఏం చాలుతుంది?

ఇప్పుడు పొద్దుగూకాక ఫనోస్త్రతే వాకిట్లోకెళ్ళి
కట్టెలు కొడతాను.
ఆమె తలుపు తియ్యదు, పొమ్మనదు.
నిన్న గడప మీద బార్లీ రొట్టె ముక్క ఉంది,
నాకో, అక్కడ తిరిగే కుక్కకో.
కుక్కా నేనూ ఒకర్నొకరం చూసుకున్నాం.
చెరిసగం తిన్నాం.

రాత్రి మిర్టలే నిద్రలో ఒత్తిగిలి
"ఇంకోసారి అను" అంది.
ఏ మాటో చెప్పలేదు.
చీకట్లో చెవి కింద తడుముకున్నాను.
పులిపిరి ఉంది.