దిగే పాట

కాశిమేడు వేలం కొట్లో మసేనమ్మ గొంతుకి
ముప్పయ్యేళ్లుగా ఎక్కడమే తెలుసు.
వంజరం బుట్ట పక్కన నిలబడి
ఐదంటే ఆరు, ఆరంటే ఏడు,
ఐసు కరిగేలోగా ధర గడ్డకట్టాలి.

ఆ రోజు నేను ఆమెకు అప్పజెప్పింది దిగే పాట.

తాబేళ్లు గుడ్లకొచ్చే మూడు నెలలూ
ఐదు మైళ్ల లోపల వల లాగకుండా ఉండటానికి
ఎవరు ఎంత అడుగుతారు?
తక్కువ అడిగినవాళ్లదే పాట.
ఆఫీసులో ఆర్నెల్లు చెక్కిన పథకం.
లాప్‌టాప్ మూత మీద అప్పటికే
ఒక చేప పొలుసు అతుక్కుంది.

"కొనేదెవరు?" అంది మసేనమ్మ.
ఒక సిమెంటు కంపెనీ.
"వాళ్లకి తాబేలెందుకు?"
తాబేలు కాదు, తాబేలు చావకపోవడం.
"దాన్ని ఏ బుట్టలో పెట్టి ఇస్తావమ్మా?"

అందరూ నవ్వాక గొంతు సవరించుకుంది.
దేశింగు పడవకి రెండు లక్షలన్నాడు.
లక్షా ఎనభై. లక్షన్నర. లక్షా నలభై.
చీకట్లో తెలియని మెట్లు దిగుతున్నట్టు
ప్రతి అంకెకీ ముందు ఆమె గొంతు కాలితో తడుముకుంది.
లక్షా పది దగ్గర నేల తగిలింది.
పద్నాలుగు పడవలు!
నా సూత్రం పనిచేసింది.

అప్పుడు లేచాడు నూకయ్య.
ఇంజను లేని తెప్ప, చేతి గాలం, ఒంటి మనిషి.
"నాకు వెయ్యి చాలు."

అంతకన్నా దిగువ పాట లేదు.
చెప్పాల్సింది నేనే.
తాతా, నీ గాలానికి ఎప్పుడైనా తాబేలు చిక్కిందా?
"లేదు. ఎవరిదో తెగిన వలలో చిక్కిందాన్ని
ఒకసారి కోసి ఇడిపించాను. ఇదుగో, వేలు పోయింది."
మరైతే నీ వల్ల తేడా ఏమీ రాదు తాతా.
చంపేవాడు మానితేనే లెక్క.
చంపనివాడు ఏం మానతాడు?

కోప్పడలేదు. లేని వేలి చోటు నిమురుకున్నాడు.
"అయితే ఈ ఏడు రెండు చంపి
వచ్చే ఏడు రమ్మంటావా?"
నవ్వులాటకే అన్నాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతని పేరు కొట్టెయ్యలేదు నేను.
తేడా అన్న గడిలో సున్నా,
చెల్లింపు గడిలో సున్నా.
రెండు సున్నాలూ పక్కపక్కనే
గుడ్లలా ఉన్నాయి.

మసేనమ్మ కొంగుతో బల్ల తుడుస్తూ
"నా కమీషను దేనిమీదమ్మా,
మిగిలినదాని మీదా, తగ్గినదాని మీదా?" అంది.
దానికి నా దగ్గర గడే లేదు.

బయట నూకయ్య తెప్పను నీళ్లలోకి తోస్తున్నాడు,
సముద్రానికి ఏ తేడా రాకుండా.