అతుకు

తాడిపత్రి షేర్ ఆటోలో
నాకు ఆనుకుని ఎవరూ కూర్చోరు.
సబ్బుకు పోని నలుపు నాది,
గోళ్ళ సందుల్లో, చెవి మడతల్లో,
నవ్వితే కంటి కొసన పడే గీతల్లో.
బొగ్గు కాదిది. బొగ్గయితే గరుకుగా ఉంటాది.
గ్రాఫైట్ జారుతాది,
నోట్లోంచి అబద్ధం జారినంత నున్నగా.

మిల్లులో లేత్ మీద ఇరవై రెండేళ్ళు.
మనిషి నడుమంత లావు కడ్డీలు,
కొసలు చెడినవాటికి మళ్ళీ గుంత తవ్వి
మరలు కోస్తా.
ఆ గుంతలోకి నిపుల్ ఎక్కుతాది,
రెండు పక్కలా సన్నబడిన నల్ల కదురు,
సగం కింది కడ్డీలో, సగం పై కడ్డీలో.
కింద ఫర్నేస్‌లో కొన కాలి తరుగుతా ఉంటే
పైన కొత్తది బిగిస్తా పోవాల.
అతుకుల బతుకు అని జనం తీసిపారేస్తారే,
ఉక్కు కరిగేది ఆ అతుకుల మీదనే.

బిగించేది హుసేనప్ప.
క్రేన్ కొక్కేనికి వేలాడే కడ్డీని అరచేత్తో నిలిపి,
గాలి పైపుతో మరల్లో దుమ్ము ఊది,
చెవి ఆనించి తిప్పేవాడు.
"గుర్రుమంటే తిప్పు, కిర్రుమంటే దింపు.
అది పలుకుతాదప్పా, మనకే వినే ఓపిక లేదు."

ఆ ఎండాకాలం, మూడో షిఫ్టులో
నడిమి కడ్డీ అతుకు కాడ విరిగి
ఉడికే ఉక్కులో పడింది.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఒక హీటు పోయింది,
హుసేనప్పకు మూడు నెలల పని పోయింది.
"సరిగా బిగించలేదు" అని రిజిస్టర్లో రాసినారు.
కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టినాడు.

మర్నాడు స్క్రాపు కుప్పలో తునక వెదికినా.
గేజ్ పెట్టి చూసినా.
నా మర
వెంట్రుకవాసి వదులు.
గేజ్ తుడిచి జేబులో వేసుకున్నా.
ఇంటికి పోయి రెండు జొన్నరొట్టెలు తిన్నా,
ఎప్పటి ఆకలితోనే.
ఇప్పటికీ అరగనివి ఆ రెండే.

చెప్పేద్దామని ఒక ఆదివారం పుట్లూరుకు పోయినా.
బావమరిది కొలిమిలో కొడవళ్ళకు పిడులు వేస్తున్నాడు.
పిడి బొక్కలో లక్కపొడి నింపి
ఎర్రగా కాలిన కొడవలి తోకను దిగగొట్టినాడు.
సుయ్యిమని పొగ, ఆ తీపి కంపు.
"చూడు సుంకన్నా, కాలితే అన్నీ వదులైతాయి.
లక్కకు మాత్రం కాలితేనే పట్టు."
తలూపినా.
మజ్జిగ తాగి బస్సెక్కినా.

అప్పటినుంచి రాత్రిళ్ళు లేత్ కాడ నేనొక్కడినే.
నిపుల్‌కు అడ్డంగా బెజ్జాలు వేసి
తారు బిళ్ళలు కూరినా.
వేడికి అవి కరిగి మర సందుల్లోకి పాకాల,
ఇంకా వేడికి గట్టి బొగ్గయి
రెండు కడ్డీలను ఒకటిగా పట్టాల. అదీ లెక్క.
మొదటిసారి పొంగి కారింది,
క్రేన్ డ్రైవర్ మా అమ్మను తలచుకున్నాడు.
బెజ్జం సన్నం చేసినా. బిళ్ళ తగ్గించినా.
ఐదోసారికి నిలిచింది.

"ఇది ఇతర దేశాల్లో ఎప్పుడో కనిపెట్టినారు,
పేటెంట్లు కూడా ఉన్నాయి" అన్నాడు ఇంజినీరు, జాలిగా.
ఉండనీ.
పేరు కోసం వెయ్యలేదు నేనా బెజ్జాలు.
చెప్పని మాటను ఎక్కడో ఒకచోట కూరాల కదా.

హుసేనప్ప తిరిగొచ్చిన రోజు
కొత్త నిపుల్ పట్టుకుని నేనే పైకి ఎక్కినా.
బెజ్జంలో బొటనవేలు పెట్టి తడిమినాడు,
వాసన చూసినాడు.
"ఏం పెట్టినావు దీంట్లో?"
"లక్క" అన్నా.
నవ్వలేదు. చెవి ఆనించి తిప్పినాడు,
గుర్రు, గుర్రు,
కిర్రుమనే ముందర ఆగి
నా దిక్కు చూసి ఏదో అన్నాడు.
పక్క ఫర్నేస్ మోత.
"గేజ్" అన్నట్టు వినపడింది.
"గాలి" అన్నాడేమో.

గాలి పైపు అందించినా.